ఉప్పుకండ పెట్టె: అనంతపురం మిద్దె మీద డైరీ

ఫిబ్రవరి 23, ఆదివారం

జేజికి ఎనభై దాటాయి. ఉరవకొండ వైపు పల్లెలో ఉంటుంది. ఉప్పుకండ, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, పెట్టే పద్ధతిని ఆమె నోటితో చెప్పించుకుని రాసుకుందామని రెండుసార్లు ఫోను చేశాను. "ఉప్పు ఎంత జేజీ?" అంటే రెండుసార్లూ ఒకే జవాబు: "చేతికి తెలుస్తుంది నాయనా." ఆమె చేతికి తెలిసింది నా చేతికి తెలియదు కనుక, ఈ రోజు వంటింటి కాటాను సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నా పని బోరు మోటార్ల వైండింగు. మోటారు కాలిందో లేదో వాసన చూసి చెప్పే మేస్త్రీలు ఉంటారు. వాళ్లంటే గౌరవమే. నేను మాత్రం మెగ్గర్ (తీగ ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసే రకం.

కిలో పొట్టేలు మాంసం జేజి ముందు పెట్టాను. పక్కన కాటా మీద ఖాళీ గిన్నె ఉంచి, మాంసాన్ని చూస్తూ ఉప్పు గిన్నెలో వేయమన్నాను. కల్లుప్పు పిడికెడు తీసి వేసింది. 58 గ్రాములు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ వేయమన్నాను. 61. మూడోసారి 57. "ఏమి ఆట ఇది?" అని నవ్వింది. ఎనభై దాటిన చెయ్యి, మూడుసార్లకు నాలుగు గ్రాముల తేడా. నా కొట్టులో కుర్రవాడు రాగి తీగ తూచితే ఇంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

అంటే కిలోకు సుమారు 60 గ్రాములు, నూటికి ఆరు పాళ్లు. మిగతా మాటలు ఆమె చెబుతుంటే రాసుకున్నాను. శివరాత్రి పోయాకే మొదలుపెట్టాలి. కొవ్వు కంటికి కనబడకూడదు. పోగు వెంట కోయాలి, అడ్డంగా కాదు. చిటికెన వేలంత వెడల్పు, తాటాకంత మందం. పసుపు, కారం చాలు. పొద్దు వాలేలోపల దించి గుడ్డలో చుట్టాలి, మంచులో ఉంచకూడదు. మూడోనాటికి గలగలలాడకపోతే ఇంట్లో ఉంచకూడదు. ఎండాక పొయ్యి పైన ఉట్టిలో కట్టేస్తే శ్రావణం దాకా ఉంటుంది.

మేము ఉప్పుకండ అనేదాన్నే తెలంగాణ వైపు ఒట్టి తునకలు అంటారు. పనిలో పెద్ద తేడా లేదు.

మార్చి 2, ఆదివారం

పాతూరులో భాయ్ కొట్టుకు ఏడింటికే వెళ్లాను. ఆయనకు ఈ రోజే రంజాన్ మొదటి ఉపవాసం. అయినా విసుక్కోకుండా తొడ మాంసం ఎముక తీసి ఇచ్చాడు. "కూరకా అన్నా?" అన్నాడు. "ఎండబెట్టడానికి" అంటే, కత్తి పక్కన పెట్టి, లోపలి నుంచి కొవ్వు తక్కువగా ఉన్న ఇంకో తొడ తెచ్చాడు.

ఇంటికి తెచ్చి కొవ్వు, పొరలు తీసేస్తే సరిగ్గా కిలో మిగిలేట్టు చూసుకున్నాను. కొవ్వు మీద అంత పట్టుదల ఎందుకంటే, కొవ్వులో నీళ్లు దాదాపు లేవు, ఎండడానికేమీ లేదు. ఎండలో అది ముక్కిపోయి మొత్తం డబ్బాను చెడగొడుతుంది. మాంసాన్ని గంటన్నర ఫ్రీజర్‌లో ఉంచితే సగం గట్టిపడి కత్తికి లొంగింది.

ఇక్కడ నేను తెలివి ఉపయోగించాను. ఆరు పాళ్ల ఉప్పు మరీ ఎక్కువ అనిపించి మూడు పాళ్లే, అంటే 30 గ్రాములే వేశాను. తాటాకంత మందం కోయడానికి ఓపిక లేక సెంటీమీటరు మందం కోశాను. రాత్రికి ఫ్రిజ్‌లో.

మార్చి 5, బుధవారం

మొదటి విడత పోయింది.

సోమవారం పొద్దున 8 గంటలకు మిద్దె మీద దండేనికి కట్టి చుట్టూ దోమతెర వేశాను. తూకం 1,030 గ్రాములు. మధ్యాహ్నం 3 గంటలకు తేమ మీటరు 27 శాతం చూపించింది, ఎండ 37 డిగ్రీలు. మా అనంతపురంలో తడి బట్ట గంటలో ఆరుతుంది, ఇదెంత అనుకున్నాను. సాయంత్రానికి 760. మంగళవారం సాయంత్రానికి 560. ఈ మధ్యాహ్నానికి 490, అక్కడ ఆగిపోయింది. పైన చూస్తే చెక్కలా ఉంది. ఒక ముక్క అడ్డంగా కోస్తే లోపల ఎర్రగా, మెత్తగా ఉంది. పుల్లని వాసన కూడా.

ఈ జబ్బు నాకు తెలిసిందే. మోటారులో తీగ చుట్టే కదలని భాగమైన స్టేటర్‌కు వార్నిష్ పోసి తొందరపడి వేడెక్కువ పెడితే పైన తోలు కడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. మోటారు నెల తిరిగి కాలుతుంది. మాంసం కూడా అదే చేసింది. పైపొర ముందే బిగుసుకుని లోపలి నీటికి దారి మూసేసింది. ఆ లోపలి భాగం మూడు రోజులు వెచ్చగా, తడిగా కూర్చుంది.

బాగా ఉడికిస్తే సరిపోదా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చాలా సూక్ష్మజీవులు ఉడికిస్తే చస్తాయి. కానీ స్టాఫిలోకోకస్ అనేది మన చేతుల మీద, ముక్కులో ఉండేదే, ఉప్పుకు భయపడదు. మిగతావి ఉప్పుకు వెనక్కి తగ్గితే అది ఖాళీ చోటు చూసుకుని పెరుగుతుంది. అది వదిలిన విషం మరిగించినా పోదు. వండి చంపవచ్చు అనే ధీమా ఇక్కడ పనికిరాదు. పక్కింటి అక్క "కుక్కకైనా వేయకూడదా?" అంది. కుక్కకూ కడుపే కదా. మూడు ముక్కలు మాత్రం సంచిలో కట్టి, పేరు రాసి, ఫ్రీజర్ మూలలో సాక్ష్యంగా ఉంచి మిగతాది చెత్తబండికి ఇచ్చాను. ఫ్రీజర్ సాక్ష్యం మీద ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.

మార్చి 8, శనివారం

రెండు రాత్రులు లెక్క వేశాను. మాంసంలో ఎంత నీరుందన్నది అసలు ప్రశ్న కాదు. అందులో సూక్ష్మజీవులకు చిక్కే నీరెంత అన్నదే ప్రశ్న. ఉప్పు నీటిని పట్టేసుకుంటుంది. స్వచ్ఛమైన నీటిని 1 అనుకుంటే, ఆ కొలత 0.85కి దిగితే స్టాఫిలోకోకస్ విషం తయారుచేసే స్థాయికి పెరగదు. బోటులిజం అనే ప్రాణాంతక ఆహార విషం తెచ్చే సూక్ష్మజీవి 0.94 దగ్గరే ఆగిపోతుంది. బూజు మాత్రం ఇంకా కిందికి, 0.7 దాకా కూడా లాక్కొస్తుంది. బూజు కనబడుతుంది కనుక దానితో తగువు సులభం.

0.85 రావాలంటే మాంసంలో మిగిలిన ప్రతి 100 గ్రాముల నీటికి సుమారు 23 గ్రాముల ఉప్పు ఉండాలి. కొవ్వు లేని కిలో మాంసంలో నీరు సుమారు 740 గ్రాములు, మిగతా 260 గట్టి పదార్థం. నేను వేసిన 30 గ్రాముల ఉప్పుకు నీరు 128 గ్రాములకు దిగాలి. అంటే కాటా మీద మొత్తం 418. నేను 490 దగ్గరే ఆగిపోయాను.

జేజి పిడికిలితో లెక్క చూడండి. 60 గ్రాముల ఉప్పుకు నీరు 256 దాకా ఉన్నా పరవాలేదు. మొత్తం తూకం 576. అంటే ఆమె పద్ధతిలో మాంసం ఇంచుమించు సగానికి తగ్గితే చాలు, గండం గడిచినట్టే. నాకైతే నూటికి నలభై పాళ్ల దగ్గరికి దించాలి, అదీ సెంటీమీటరు మందంలో. ఆ ఉప్పు రుచి కోసం వేసింది కాదు, సగం ఎండ పని అదే చేస్తోంది. వండేముందు నీళ్లలో నానబెట్టి పిండేస్తారు కదా, ఎక్కువైన ఉప్పు అక్కడ పోతుంది. ఈ లెక్క ఆమెకు ఫోనులో చెప్పాను. "అదే కదా నేను చెప్పింది" అంది.

మార్చి 15, శనివారం

వారమంతా పెట్టె పని. కొట్టులో వార్నిష్ ఆరబెట్టే పెట్టె ఉంది కానీ దాన్ని తిండికి వాడితే చేతులారా విషం కలిపినట్టే. కొత్తది కట్టాను. పాత కిటికీ అద్దం, దాని కింద నల్ల రంగు వేసిన రేకు, ఆ రెండింటి మధ్య గాలి వేడెక్కి చెక్క పెట్టెలోకి ఎక్కేట్టు. పైన నాలుగు అంగుళాల గొట్టం, దానికీ నల్ల రంగు, గాలిని లాగడానికి. గాలి వచ్చే చోటా పోయే చోటా సన్నని జాలీ, ఈగ దూరకుండా. అద్దాన్ని దక్షిణానికి సుమారు 15 డిగ్రీలు వాల్చాను, మా ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. ఏప్రిల్ చివరికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. అప్పుడు అద్దాన్ని చదునుగా పెట్టాలి.

తట్టలకు మొదట జింకు పూత జాలీ కొన్నాను. ఉప్పు నీళ్లు చల్లి ఒక రోజు ఉంచితే తెల్లటి పొడి లేచింది. జింకు మాంసంలో కలుస్తుందని అర్థం. దాన్ని పక్కన పడేసి స్టెయిన్‌లెస్ జాలీ తెచ్చాను. ఖర్చు రెట్టింపు.

ఖాళీ పెట్టె: పొద్దున 10 గంటలకు 48 డిగ్రీలు, ఒంటిగంటకు 63. బయట 38.

మార్చి 18, మంగళవారం

రెండో విడత. ఆదివారం కోసి 60 గ్రాముల ఉప్పు, పసుపు, కారం పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాను. ఈసారి మందం నాలుగు మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి చూశాను. నిన్న పొద్దున 8:30కి పెట్టెలో. మాంసం ఉండడంతో వేడి ఖాళీ పెట్టె అంత ఎక్కలేదు. తడి ఆరుతున్నంతసేపూ అంతే, చెమట పట్టిన ఒళ్లులాగా తనను తాను చల్లబరచుకుంటుంది. మధ్యాహ్నానికి 57. సాయంత్రం 5 గంటలకు తూకం 610. గీత 576. ఇంకా 34 గ్రాములు తగ్గాలి కనుక రాత్రి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. ఈ రోజు పదింటికే గీత దాటింది. సాయంత్రానికి 430, అక్కడ దించేశాను.

ముక్క వంచితే పోగులు చీలుతున్నాయి, లోపలా బయటా ఒకే రంగు. కానీ పైన తెల్లటి పూత! గుండె జారింది. బూజేనా? వేలికి రాసుకుంటే గరుకుగా ఉంది, నీటి చుక్క వేస్తే కరిగింది. ఉప్పు. నీరు పోయేకొద్దీ పట్టుకోవడానికి ఏమీ మిగలక పైకి తేలి స్ఫటికమైంది. బూజైతే నూగులా ఉంటుంది, నీటికి కరగదు.

మార్చి 22, శనివారం

ఈ ఉప్పుకండ పనంతటిలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఈ రోజుదే అవుతుందని ఇప్పుడే అనిపిస్తోంది.

నా లెక్కంతా కాగితం మీదిది. మాంసంలో నీరు 740 అన్నది సగటు మాట, భాయ్ ఇచ్చిన తొడలో ఎంతో నాకెలా తెలుసు? కానీ మూసిన సీసాలో ఎండు మాంసం పెడితే, లోపలి గాలి తేమ కొంతసేపటికి మాంసంతో సరితూగి నిలబడిపోతుంది. ఆ తేమ శాతాన్ని వందతో భాగిస్తే వచ్చేదే 0.85 అని పైన చెప్పిన కొలత. బొటనవేలంత తేమ మీటరు సీసాలో వేస్తే చాలు. చిన్నది, 300 రూపాయల లోపే.

చౌక మీటరును నమ్మేముందు పరీక్షించాలి. దీనికీ ఉప్పే. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దలా తడిసేంత నీరు చుక్కలుగా కలిపి, మీటరుతో పాటు మూసేసి ఒక రోజు ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. సంతృప్త ఉప్పు నీటి గుణం అది. నా మీటరు 79 చూపించింది. అంటే చూపిన దానిలో నాలుగు తీసేయాలి.

రెండో విడత ముక్కలు సీసాలో ఒక రాత్రి: 77. నాలుగు తీస్తే 73. ఫ్రీజర్‌లోని సాక్ష్యం కరిగించి ఇంకో సీసాలో: 95, అంటే 91. మా ఆవిడను పిలిచి చూపించాను. సాక్ష్యం ఇక పారేయవచ్చా అని అడిగింది.

మార్చి 30, ఆదివారం

విశ్వావసు ఉగాది. రేపు రంజాన్ పండుగ, మాకేమో ఉగాది మరునాటి మాంసం. భాయ్ కొట్టు ముందు రెండు వరుసలు నిలబడతాయి. ఈ వారం కొనడం లేదు.

ఏప్రిల్ 5, శనివారం

కొట్టుకు వచ్చే మిత్రుడు సూరేకారం తెచ్చి ఇచ్చాడు. "సీమ దేశాల్లో మాంసం ఎర్రగా ఉండడానికి ఇదే వేస్తారు, వేసి చూడన్నా" అన్నాడు. సగం నిజమే. సూరేకారంలోని నైట్రేటును కొన్ని సూక్ష్మజీవులు నెమ్మదిగా నైట్రైటుగా మారుస్తాయి, పని చేసేది ఆ నైట్రైటు. ఎంత మారుతుంది, ఎప్పుడు మారుతుంది అన్నది మన చేతిలో ఉండదు. అందుకే నైట్రైటును నేరుగా 6.25 పాళ్లు కలిపిన ఉప్పును అమ్ముతారు. కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అంతకంటే ఒక్క చెంచా ఎక్కువైనా ప్రమాదమే. మామూలు ఉప్పుతో పొరబడకుండా దానికి గులాబీ రంగు వేస్తారు.

నైట్రైటు కావలసింది గాలి తగలకుండా చాలా రోజులు ఊరే మాంసానికి. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో ఒక అంత్యక్రియలకు వచ్చిన వాయిద్యగాళ్లు ఉప్పు నీటిలో ఊరిన పచ్చి పంది తొడ మాంసం తిన్నారు. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోనే బోటులిజం సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. గాలి లేని చోట, ఉప్పు చాలని చోట, పులుపు లేని చోట అది పెరుగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల ముక్క రెండు రోజుల్లో ఎండిపోతే దానికి చోటే లేదు. సూరేకారం పొట్లం తిరిగి ఇచ్చేశాను. మిత్రుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కానీ ఈ మాట రాస్తుంటే వదిన పంపిన మటన్ పచ్చడి గుర్తొచ్చింది. నూనె కింద మాంసం, అంటే గాలి లేదు. ఎండినది కాదు. పులుపెంత?

ఏప్రిల్ 7, సోమవారం

బోటులిజం సూక్ష్మజీవి పెరగకుండా ఉండాలంటే పులుపు కొలత (pH) 4.6 కంటే కింద ఉండాలి; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ముందు రంగు మారే కాగితంతో చూశాను. కారం ఎరుపు ఎక్కి కాగితం అన్నిటికీ ఒకే రంగు చెప్పింది, సహజమే. అందుకని డిజిటల్ మీటరు పెన్ను తెప్పించి, దానితో వచ్చిన 4, 7 ద్రావణాల్లో సరిచేసి, ఒక మాంసం ముక్కను నూనె తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో నూరి ముంచాను. 5.3.

వదినకు ఎలా చెప్పాలో తెలియక గంట తిరిగాను. చివరికి "నిమ్మకాయలు ఎన్ని పిండారు వదినా?" అని అడిగాను. కిలోకు మూడట. నేను ఇంకో ఐదు కాయల రసం కలిపి, పులుపు ముక్క లోపలికి దిగేలా ఒక రోజు ఆగి మళ్లీ చూస్తే 4.4. రుచి మారిందని మా ఆవిడ, నాకైతే బాగానే ఉంది. అయినా ఆ సీసా ఫ్రిజ్‌లోనే ఉంటుంది. వదినకు కూడా ఫ్రిజ్‌లో పెట్టమనే చెప్పాను, పెన్ను సంగతి చెప్పలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

మూడో విడత, వండకుండా కొరుక్కుని తినే రకం. దీనికి ఎండకు ముందే 71 డిగ్రీల వేడి తగలాలి. ఎండిన తర్వాత వేడి చేస్తే సూక్ష్మజీవులు మొండికేస్తాయి, తడిగా ఉన్నప్పుడే సులభంగా చస్తాయి. మూడు పాళ్ల ఉప్పు పట్టించిన ముక్కల్ని ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టి, లావుపాటి ముక్కలో థర్మామీటర్ ముల్లు గుచ్చి 71 దాటాక తీశాను. కిందికి కారిన రసంతో పాటు ఉప్పు కూడా కొంత పోయింది, కనుక తూకం లెక్క ఇక్కడ పనికిరాదు. సీసా మీటరే తీర్పు చెప్పాలి. మొదటిసారి సరిచేసిన లెక్క 78. గండం దాటినా నాకు నచ్చలేదు. ఇంకో పూట పెట్టెలో ఉంచితే 69. పిల్లలు రెండు రోజుల్లో ఖాళీ చేశారు, కనుక నిల్వ పరీక్ష జరగలేదు.

జేజికి చెబితే, "ఉడికించి ఎండబెడితే అది వరుగు, ఉప్పుకండ కాదు" అని తేల్చేసింది.

మే 4, ఆదివారం

రెండో విడత సీసాలో పెట్టి ఇంచుమించు ఏడు వారాలు. ఒక సగం ఫ్రిజ్‌లో, ఒక సగం వంటింటి అరలో ఉంచాను. రెండిటికీ బూజు లేదు. అరలోని దానికి మాత్రం కొంచెం ముక్కిన వాసన మొదలైంది, ఎక్కడో కొవ్వు మిగిలిందన్నమాట. ఇక నుంచి ఫ్రిజ్ మాత్రమే. రెండు నెలలు దాటేదైతే ఫ్రీజర్.

ఫ్రిజ్ సీసా పట్టుకుని ఊరికి వెళ్లాను. జేజి ఒక ముక్క తీసి చెవి దగ్గర విరిచి విన్నది, తర్వాత వాసన చూసింది. ఏమీ అనకుండా నానబెట్టింది. నీళ్లు రెండుసార్లు మార్చి, బాగా ఉడికించి, చింతపండు పులుసులో వేసి సంగటిలోకి వడ్డించింది. తిన్నాం. నేను ఎదురుచూస్తున్నాను.

"ఉప్పు సరిపోయింది. ఎండ సరిపోయింది. పొగ ఏది నాయనా?"

నాకు గ్యాసు పొయ్యి. ఉట్టి లేదు, కట్టెల పొయ్యి లేదు. బస్సులో తిరిగి వస్తూ పెట్టె గొట్టం గురించే ఆలోచించాను. కింద ఇనుప డబ్బాలో తుమ్మ కట్టె నెమ్మదిగా కాలితే, ఆ పొగను మధ్యలో ఒక పైపుతో చల్లార్చి పంపవచ్చు. జూన్‌లో పడమటి గాలి మొదలైతే మిద్దె మీద నిప్పు నిలవదు, దుమ్ము వేరే. నాలుగు వారాలే ఉన్నాయి. రేపు కొట్టులో పాత ఇనుప డబ్బా ఉందేమో చూడాలి, లోపల వార్నిష్ తగలనిది.